గణితకవి పావులూరి మల్లన

తెలుగు సాహిత్య చరిత్రలో పదకొండవ శతాబ్దం మహోదయ కాలం. రాజమహేంద్రవరం రాజధానిగా వేంగీ దేశాన్ని పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని ప్రోత్సాహంతో నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నాడు. ఆది, సభాపర్వాలను, అరణ్యపర్వంలో కొంత భాగాన్ని ఆంధ్రీకరించి ఆదికవిగా కీర్తి గడించాడు. ఈ సంగతి తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. పురాణ కథను చెప్పడానికే కాక శాస్త్రాన్ని, అందునా లెక్కల శాస్త్రాన్ని బోధించడానికి కూడా తెలుగు పద్యం సమర్థమైనదని నిరూపించిన కవి మరొకడు ఉన్నాడు. ఆయన పావులూరి మల్లన. ఆయన రచించిన 'సారసంగ్రహ గణితము' తెలుగులో వెలసిన తొలి గణిత గ్రంథం. జనులు దానిని రచయిత ఇంటిపేరుతో 'పావులూరి గణితము' అని కూడా పిలుచుకొన్నారు. ఒక గ్రంథం దాని కర్త పేరుతోనే వ్యవహారంలో నిలవడం ఆ కర్త పొందిన ఆదరానికి తార్కాణం.

హైదరాబాదు నగరానికి వాయవ్య దిశలో, సైబరాబాదు సాంకేతిక సంస్థలకు చేరువలో ఉన్న బాచుపల్లి నేడు కళాశాలల ఊరు. ఇంజనీరింగు విద్య కోసం, ప్రవేశ పరీక్షల కోసం వేలాది విద్యార్థులు అక్కడ రాత్రింబవళ్లు లెక్కలు సాధన చేస్తారు. అదే బాచుపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయపు ప్రాంగణం కూడా ఉంది. 1985లో స్థాపితమై, పొట్టి శ్రీరాములు పేరుతో చిరకాలం నడచిన ఆ విద్యాసంస్థకు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ 2025లో ఆమోదించింది. ఒకే ఊరిలో ఒక వైపు గణితం, మరొక వైపు తెలుగు. గణితం వేరు, తెలుగు వేరు అనీ, ఒకదానిని అభ్యసించేవారికి రెండవదానితో పని లేదనీ నేటి విద్యార్థులలో పలువురు భావిస్తారు. సుమారు వెయ్యేళ్ల కిందట మల్లన అలా భావించలేదు. ఆయన జీవితాన్ని, కృషిని తెలుసుకొనడం అందుకే మనకు అవసరం.

మల్లన ఇంటిపేరులోనే ఆయన ఊరు ఉంది. పావులూరు కమ్మనాటిలోని గ్రామం. నేటి ఆంధ్రప్రదేశ్‌లో బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలో ఆ ఊరు నేటికీ అదే పేరుతో ఉంది. మల్లన తండ్రి పేరు శివ్వన. వారిది శైవ కుటుంబం. తన గ్రంథంలో మల్లన తన ఊరిని, తండ్రిని పేర్కొన్నాడు. పీఠాపురం పక్కన ఉన్న నవఖండవాడ అనే ఊరిని రాజరాజ భూపాలుడు ఆ వంశానికి దానం చేసిన సంగతిని కూడా ఆ గ్రంథమే చెబుతున్నది. ఆ గ్రామం నేడు కాకినాడ జిల్లాలో పిఠాపురానికి సమీపంలో నవఖండ్రవాడ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది. కమ్మనాటి నుండి పిఠాపురం దాకా సాగిన ఆ వంశప్రస్థానం నాటి పండితులకు రాజాదరణ ఎంత అవసరమో తెలియజేస్తుంది.

మల్లన కాలాన్ని గురించి పండితులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నవఖండవాడను స్వయంగా స్వీకరించినవాడు గ్రంథకర్త అయిన మల్లనయే అనీ, కనుక ఆయన నన్నయకు సమకాలికుడనీ కొందరు నిర్ణయించారు. ఆ దానాన్ని పొందినవాడు అదే పేరు గల ఆయన తాత అనీ, గ్రంథకర్త మనుమడనీ, కాబట్టి ఆయన పన్నెండవ శతాబ్దానికి చెందినవాడనీ మరికొందరు వాదించారు. తాత పేరును మనుమనికి పెట్టుకొనే సంప్రదాయం తెలుగువారిలో నేటికీ ఉన్నందువల్ల రెండవ వాదాన్ని తేలికగా తోసిపుచ్చడానికి వీలు లేదు. రెండింటిలో ఏది నిజమైనా ఒక విషయం స్థిరం. తెలుగులో కావ్యభాష రూపుదిద్దుకొంటున్న తొలి దశలోనే గణితానికి కూడా తెలుగు పద్యరూపం లభించింది.

రాజరాజ నరేంద్రుడు 1022లో సింహాసనాన్ని అధిష్ఠించి 1061 వరకు వేంగిని పాలించాడు. ఆయన పాలన నిరాటంకంగా సాగలేదు. సవతి తమ్ముడైన విజయాదిత్యునితో సింహాసనం కోసం పోరు తప్పలేదు. ఒక వైపు చోళులు, మరొక వైపు కల్యాణి చాళుక్యులు వేంగిపై ఆధిపత్యానికై తలపడుతూ ఉండేవారు. అటువంటి కల్లోలంలో కూడా దేశభాషలో గ్రంథరచనకు ఆదరణ లభించడం విశేషం. రాజ్యం నిలవాలంటే సైన్యం కావాలి. సైన్యాన్ని పోషించాలంటే పన్నులు రావాలి. పన్నులు రావాలంటే భూమి కొలతలు, ధాన్యపు రాశుల లెక్కలు, భాగాల పంపకాలు సక్రమంగా సాగాలి. పంటలో ఆరవ వంతు రాజుకు చెందుతుందని ధర్మశాస్త్రాలు చెప్పాయి. ఆ ఆరవ వంతును తీసేవానికీ, ఇచ్చేవానికీ కూడా భిన్నాలు తెలియాలి. తెలిసినవాడు ఒక పక్షాననే ఉంటే రెండవ పక్షం నష్టపోతుంది. శాస్త్రం సంస్కృతంలోనే ఉన్నంత కాలం అది సంస్కృతం చదివిన కొద్దిమంది సొత్తు. దానిని తెలుగు చేయడమంటే రైతు ఇంటి ముంగిటికి, వర్తకుని అంగడికి తీసుకొనిరావడమే.

మల్లన తన అనువాదానికి ఎన్నుకొన్న మూలగ్రంథం మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహం'. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దానికి చెందిన జైన పండితుడు. మాన్యఖేటం రాజధానిగా దక్కనును ఏలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో, ఆయన ఈ గ్రంథాన్ని సంస్కృత శ్లోకాలలో రచించాడు. మాన్యఖేటమే నేటి కర్ణాటకలోని మల్ఖేడ్. అంతకుముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మొదలైనవారు గణితాన్ని జ్యోతిశ్శాస్త్ర గ్రంథాలలో భాగంగా చెప్పారు. మహావీరాచార్యుడు గ్రహగతులను విడిచిపెట్టి, కేవల గణితానికే ఒక సమగ్ర గ్రంథాన్ని కేటాయించాడు. అందులో 1100కు పైగా శ్లోకాలు, తొమ్మిది అధ్యాయాలు ఉన్నాయి. సంగీతం, నాట్యం, పాకశాస్త్రం, వైద్యం, వాస్తువిద్య, ఛందస్సు, వ్యాకరణం మొదలైన సకల విద్యలలో గణితం ఉపయుక్తమైనదని, చరాచర జగత్తులో గణితం లేని వస్తువే లేదని ఆయన గ్రంథారంభంలో ప్రశంసించాడు. ఈ గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రకటించిన తరువాత ప్రపంచ గణిత చరిత్రకారుల దృష్టి దానిపై పడింది. కానీ దాని విలువను ఎనిమిది వందల ఏళ్లకు ముందే గుర్తించినవాడు మన మల్లన.

గణితసారసంగ్రహంలో మూడవ అధ్యాయం భిన్నాలకు సంబంధించినది. దాని పేరు కలాసవర్ణం. ఈ పేరును కొంచెం విచారించి చూస్తే భిన్నాల సంకలనంలోని రహస్యమంతా అందులోనే ఉన్నట్లు తెలుస్తుంది. కళ అంటే భాగం. ప్రత్యేకించి పదహారవ భాగం. చంద్రునికి పదహారు కళలు అంటాం కదా! సవర్ణం అంటే ఒకే వర్ణం, అనగా ఒకే జాతి కలది. భాగాలను ఒకే జాతిలోకి తెచ్చే ప్రక్రియ కనుక అది కలాసవర్ణం అయింది. ఈ సవర్ణ శబ్దం వ్యాకరణం చదివిన విద్యార్థికి కొత్త కాదు. సవర్ణదీర్ఘ సంధిలో ఒకే జాతికి చెందిన రెండు అచ్చులు కలిసి దీర్ఘమవుతాయి. రామ, ఆలయ శబ్దాలు కలిస్తే రామాలయం అవుతుంది. అకారానికి ఇకారం పరమైతే అలా కలవదు. దానికి వేరొక సూత్రం కావాలి. గణితంలోనూ అంతే. సవర్ణమైన భిన్నాలు సూటిగా కలుస్తాయి. కానివాటిని ముందు సవర్ణం చేసుకోవాలి. నేటి పాఠ్యపుస్తకాలు మొదటివాటిని సజాతి భిన్నాలని, రెండవవాటిని విజాతి భిన్నాలని వ్యవహరిస్తాయి. మాట మారింది గాని భావం మారలేదు.

సజాతి భిన్నాల సంకలనం చూడడానికి సులభమే. హారాన్ని అలాగే ఉంచి లవాలను కలిపితే చాలు. మూడు ఎనిమిదవ వంతులకు రెండు ఎనిమిదవ వంతులు కలిపితే ఐదు ఎనిమిదవ వంతులు. అయినా బాలురు ఎందరో ఇక్కడే పొరబడతారు. పైన ఉన్న మూడును, రెండును కలిపి ఐదు చేస్తారు. కింద ఉన్న రెండు ఎనిమిదులను కూడా కలిపి పదహారు చేస్తారు. అలా వచ్చిన ఐదు పదహారవ వంతులు సరియైన సమాధానం ఎలా కాదో ఆలోచించండి. మొదట ఉన్న మూడు ఎనిమిదవ వంతులే ఆరు పదహారవ వంతులకు సమానం. అంటే ఉన్నదానికి మరికొంత చేర్చిన తరువాత, చేతిలో ఉన్నది మొదటికంటే తగ్గిపోయిందన్నమాట! ఎనిమిది మడులు గల పొలంలో మూడు మడుల రైతు మరి రెండు మడులు కొని, ఈ తప్పు లెక్కను నమ్మితే తన పాత భూమిలోనే కొంత పోగొట్టుకొంటాడు. పలకపై జరిగిన చిన్న పొరపాటు పొలం గట్టుపై ఎంత పెద్ద నష్టమవుతుందో దీనివలన స్పష్టమవుతుంది.

ఈ పొరపాటుకు కారణం హారాన్ని కూడా ఒక లెక్కగా భావించడం. నిజానికి హారం భాగానికి పేరు. లవం ఆ భాగాల లెక్క. మన పెద్దలకు ఈ భేదం వ్యవహారంలోనే పట్టుబడింది. 1957లో దశాంశ నాణేల పద్ధతి వచ్చేదాకా మన దేశంలో రూపాయికి పదహారు అణాలు. అణా అంటే రూపాయిలో పదహారవ వంతు. మూడు అణాలకు ఐదు అణాలు కలిపితే ఎనిమిది అణాలని, అది అర్ధరూపాయి అని బడికి వెళ్లని అవ్వ సైతం తడుముకోకుండా చెప్పేది. ఆమె అణా అనే మాటను రెండింతలు చేయలేదు; అణాల సంఖ్యను మాత్రమే కలిపింది. అలాగే తెలుగువారు పదహారవ వంతును వీసమని, అరవై నాలుగవ వంతును కాని అని పిలుచుకొన్నారు. పావు, అర, ముప్పావు, వీసం, కాని అన్నవి నాలుగు చొప్పున విభజించుకొంటూ పోయే చక్కని క్రమానికి చెందిన మాటలు. ఈ క్రమానికి తగిన భిన్నాంకాలు కూడా మన లిపిలో ఉండేవి. వాటికి 2008లో యూనికోడ్‌లో స్థానం లభించింది. అచ్చమైన తెలుగుతనాన్ని చెప్పడానికి పదహారణాల తెలుగు అని నేటికీ అంటున్నాం. పూర్ణత్వాన్ని పదహారు భాగాల మొత్తంగా భావించిన జాతి మనది.

భాగాలు వేర్వేరు జాతులకు చెందినప్పుడు ఏమి చేయాలి? 499లో రచించిన గ్రంథంలో ఆర్యభటుడు ఒక భిన్నపు హారంతో రెండవ భిన్నపు లవహారాలను గుణించి సమచ్ఛేదం చేసే పద్ధతిని చెప్పాడు. రెండు భిన్నాలకు అది సులభం. భిన్నాలు పెరిగిన కొద్దీ హారాల లబ్ధం కొండలా పెరిగిపోతుంది. ఇక్కడ మహావీరాచార్యుడు ఒక మేలైన ఉపాయాన్ని సూచించాడు. హారాలన్నింటికీ సామాన్యమైన కారణాంకాలను, మిగిలిన లబ్ధాలను గుణించి వచ్చే సంఖ్యను నిరుద్ధం అన్నాడు. నేడు మనం కనిష్ఠ సామాన్య గుణిజం, సంక్షిప్తంగా క.సా.గు. అని వ్యవహరించేది అదే. భిన్నాల సంకలనానికి దీనిని ప్రయోగించిన తొలి భారతీయ గణితజ్ఞుడు మహావీరాచార్యుడని చరిత్రకారులు గుర్తించారు. భిన్నాలను ఆయన భాగ, ప్రభాగ, భాగభాగ, భాగానుబంధ, భాగాపవాహ, భాగమాతృ అనే ఆరు జాతులుగా విభజించి, ఒక్కొక్కదానికి సూత్రాలను, ఉదాహరణలను ఇచ్చాడు. ఆ కాలంలో లవాన్ని పైన, హారాన్ని కింద వ్రాసేవారు. నడుమ గీత ఉండేది కాదు.

ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. జినుని పూజకు ఒకడు ఏడు రకాల పండ్లను కొన్నాడు. నేరేడు పండ్లకు ఒక బంగారు నాణెంలో సగం, నిమ్మకు ఆరవ వంతు, నారింజకు పన్నెండవ వంతు, కొబ్బరికి ఇరవయ్యవ వంతు, అరటికి ముప్పయ్యవ వంతు, మామిడికి నలభై రెండవ వంతు, దానిమ్మకు యాభై ఆరవ వంతు వెచ్చించాడు. మొత్తం వ్యయం ఎంత? హారాలన్నింటినీ వరుసగా గుణించుకొంటూ పోతే 20,32,12,800 వస్తుంది. అంత పెద్ద హారంతో పని చేయబోయిన బాలుడు పలకను పక్కన పెట్టి పారిపోవడం ఖాయం. నిరుద్ధ పద్ధతిలో అయితే హారం 840 మాత్రమే. అప్పుడు ఏడు వ్యయాలు క్రమంగా 420, 140, 70, 42, 28, 20, 15 భాగాలవుతాయి. ఇక ఇవన్నీ 840వ వంతులే, ఒకే జాతివే. లవాలను కలిపితే 735. ఆ భిన్నాన్ని సంక్షేపిస్తే ఏడు ఎనిమిదవ వంతులు. కష్టంగా కనిపించిన లెక్క చివరకు సజాతి భిన్నాల సంకలనంగా మారింది. ఎంత క్లిష్టమైన భిన్నాల కూడికయినా కడపటి మెట్టు అదే. అందుకే ఆ మొదటి పాఠాన్ని అలక్ష్యం చేయరాదు. పుట్టినప్పుడు వేర్వేరుగా ఉన్నా, కలవడానికి ముందు ఒకే కొలతకు రావాలన్న సత్యం లెక్కలకే కాక లోకవ్యవహారానికి కూడా వర్తిస్తుంది.

ఇటువంటి గ్రంథాన్ని తెలుగు చేయడం సామాన్యమైన పని కాదు. కథాకావ్యాన్ని అనువదించే కవికి వర్ణనలో స్వేచ్ఛ ఉంటుంది. ఒక మాట పెరిగినా తరిగినా రసభంగం కానంత వరకు దోషం లేదు. గణితకవికి ఆ స్వేచ్ఛ లేదు. గణాలు, యతి, ప్రాస కుదరాలి. సంఖ్య మాత్రం వీసమంత కూడా మారరాదు. నన్నయ కాలానికి గణితం చెప్పడానికి తగిన తెలుగు శాస్త్రభాష ఇంకా సిద్ధంగా లేదు. సంస్కృత పారిభాషిక పదాలను ఎంతవరకు గ్రహించాలి, వ్యవహారంలోని తెలుగు మాటలను ఎక్కడ వాడాలి అనే నిర్ణయాన్ని మల్లన స్వయంగా చేసుకోవలసి వచ్చింది. ముందు నడచినవారు లేని దారిలో నడవడం ఆయనకు తప్పలేదు. నేడు శాస్త్రగ్రంథాలను తెలుగులోకి తెచ్చేవారు ఎదుర్కొనే సమస్యలు కూడా ఇవే.

మల్లన మూలాన్ని మక్కికి మక్కిగా దింపలేదు. మూలం జైన ప్రతిపత్తి గలది. మల్లన దానిని శైవ ప్రతిపత్తి గలదానిగా మార్చాడు. తన విశ్వాసం వేరైనా, అన్యమతస్థుడు రచించిన శాస్త్రాన్ని ఆయన కాదనలేదు. ఏడు ఎనిమిదవ వంతులు జైనునికైనా శైవునికైనా ఏడు ఎనిమిదవ వంతులే. పూజ ఏ దైవానికి జరిగినా పండ్ల వెల మారదు. మతం మారినా గణితం మారదన్న ఎరుక మల్లన అనువాదంలోని గొప్ప సంస్కారం. విజ్ఞానం ఎవరి వద్ద ఉన్నా వినయంతో స్వీకరించి, తన వారికి తగిన రూపంలో అందించడమే పండితుని ధర్మమని ఆయన ఆచరించి చూపాడు.

లెక్కను పద్యంలో చెప్పడంలో మల్లన నేర్పు ఎటువంటిదో తెలుసుకొనడానికి ఆయన పేరుతో ప్రసిద్ధమైన చదరంగపు పద్యాన్ని చెప్పుకోవాలి. చదరంగపు బల్లపై అరవై నాలుగు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా ప్రతి గడికి రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత అవుతుంది? సమాధానం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు గల ఈ సంఖ్యను కవి ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. ఇందుకు ఆయన ఆశ్రయించినది భూతసంఖ్యా పద్ధతి. ఈ పద్ధతిలో అంకెలకు బదులు వాటిని స్ఫురింపజేసే వస్తువుల పేర్లు వాడతారు. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, మన్మథుని శరాలు ఐదు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. సంఖ్యను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమ వైపుకు చదువుకోవాలి. ఒక అంకెకు పర్యాయపదాలు అనేకం ఉండడంవల్ల ఛందస్సుకు తగిన మాటను ఎన్నుకొనే వీలు కవికి కలుగుతుంది. ఐదు ఒకచోట శరమయితే మరొకచోట సాయకమవుతుంది. సున్న ఒకచోట వియత్తు, మరొకచోట గగనం అవుతుంది.

తాళపత్రాలపై చేతివ్రాతలతో గ్రంథాలు ప్రచారమైన ఆ రోజుల్లో ఇరవై అంకెలలో ఒక్కటి తప్పినా పట్టుకొనడం కష్టం. పద్యంలో ఇమిడిన సంఖ్యను మార్చబోతే యతి తప్పుతుంది, లేదా గణం చెడుతుంది. కాబట్టి ఛందస్సు అక్కడ అలంకారం మాత్రమే కాక సంఖ్యకు కాపలాదారు కూడా అయింది. సందేశాలలో దొర్లే దోషాలను పట్టుకొనడానికి నేటి కంప్యూటర్ శాస్త్రంలో అనేక ఉపాయాలు ఉన్నాయి. అదే అవసరాన్ని మన పూర్వులు యతిప్రాసలతో కొంతవరకు తీర్చుకొన్నారు. బాచుపల్లిలో కంప్యూటర్ విద్య నేర్చే విద్యార్థికి ఈ సంఖ్య వేరొక విధంగా కూడా పరిచితమే. అరవై నాలుగు బిట్లతో వ్రాయదగిన అతి పెద్ద పూర్ణసంఖ్య సరిగ్గా ఇదే.

మల్లన గ్రంథం వెలసిన నేలకు పొరుగున కన్నడ దేశంలో రాజాదిత్యుడు పన్నెండవ శతాబ్దంలో 'వ్యవహార గణిత'మనే గ్రంథాన్ని కన్నడంలో రచించాడు. భాస్కరాచార్యుని సుప్రసిద్ధమైన 'లీలావతి' 1150లో సంస్కృతంలో వెలువడింది. ఇంచుమించు అదే యుగంలో తెలుగులోనూ గణితం పద్యరూపం దాల్చింది. దేశభాషలు కథలకు, పాటలకు మాత్రమే తగినవని, శాస్త్రానికి పనికిరావని భావించేవారికి ఈ గ్రంథాలే సమాధానం. నన్నయ భారతం తెలుగువారికి చెప్పుకొనడానికి కథను ఇచ్చింది. మల్లన గణితం తమ భూమిని, పంటను, వేతనాన్ని తామే లెక్కించుకొనే శక్తిని ఇచ్చింది. మొదటిది మనస్సుకు, రెండవది జీవనానికి ఆధారం. ఈ రెండూ తెలుగు భాషకు తొలినాళ్లలోనే సమకూరడం మన అదృష్టం.

అయితే ఆ తరువాతి కాలంలో కావ్యాలకు దక్కిన ఆదరం శాస్త్రగ్రంథాలకు దక్కలేదు. భారత భాగవతాలు ఇంటింటా నిలిచాయి. గణిత గ్రంథాలు తాళపత్రాల కట్టలలోనే చిరకాలం ఉండిపోయాయి. క్రమంగా కొత్త పద్ధతుల విద్య వచ్చింది. కొత్త భాషలో గణితం వచ్చింది. సజాతి భిన్నాలను ఇంగ్లీషు మాటలలో కంఠస్థం చేసి, వాటి అర్థం గ్రహించలేక భయపడే బాలబాలికలు నేడు మన చుట్టూ ఉన్నారు. హారం పేరు, లవం లెక్క అని ఇంటి భాషలో ఒక్కసారి విడమరచి చెబితే ఆ భయం తొలగిపోతుంది. తెలియనిదానిని తెలిసిన మాటతో చెప్పడమే బోధన. సుమారు వెయ్యేళ్ల కిందట మల్లన చేసినది అదే.

మల్లన జీవితాన్ని గురించి మనకు మిగిలిన ఆధారాలు కొద్దివే: ఒక ఊరి పేరు, తండ్రి పేరు, ఒక రాజు చేసిన దానం, ఒక గ్రంథం. ఆయన రూపురేఖలు చెప్పే శిల్పం లేదు; ఆయన విజయాలను చాటే శాసనం లేదు. అయినా ఆ కొద్ది ఆధారాలే ఆయన ఔన్నత్యాన్ని చాటడానికి చాలు. భిన్నాలుగా ఉన్న వాటిని సవర్ణం చేసి కలపడం ఆయన బోధించిన గణితం. సంస్కృతాన్ని తెలుగుతో, జైనుని శాస్త్రాన్ని శైవుని భక్తితో, పండితుని జ్ఞానాన్ని పామరుని అవసరంతో కలపడం ఆయన ఆచరించిన జీవితం. బాచుపల్లిలో లెక్కలు నేర్చే విద్యార్థి, ఆ ఊరిలోనే తెలుగు చదివే విద్యార్థి ఒకరి పుస్తకాన్ని మరొకరు తెరచి చూసిన నాడు పావులూరి మల్లన ఆశయం మరల చిగురిస్తుంది.